జడ్డిగంలో పిడికెడు సజ్జలు

మద్దమ్మ కావాలనే చేసిందట. పక్కింటి బాలవీరమ్మ కుళాయి దగ్గర చెప్పిన మాట ఇది. ఆమె కూడా కళ్ళారా చూసి చెప్పింది కాదు, పైవీధిలో ఎవరో అంటుంటే విన్నది. పక్క చేను గిడ్డయ్య బాగుపడిపోతాడేమోనని మద్దమ్మ కళ్ళు మండాయట. అందుకని విత్తే రోజున జడ్డిగంలో నాటు సజ్జలు కలిపి పంపిందట. పైగా ఆ జడ్డిగానికి ఎవరి చేతనో మంత్రం కూడా వేయించిందట. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా బాలవీరమ్మ కుళాయి కట్టేయలేదు. మాట అంత రుచిగా ఉండింది మరి.

మంత్రం వేయించుకున్న ఆ జడ్డిగం నేనే.

నేను ఒక కొయ్యగిన్నెను. గొర్రు చూసినవాళ్ళకు నన్ను పరిచయం చేయనక్కర్లేదు. చూడనివాళ్ళకు చెబుతాను. గొర్రు అంటే వరుసగా పళ్ళు దిగ్గొట్టిన దుంగ. ఎద్దులు లాగుతుంటే ఆ పళ్ళు నేలను గీరుకుంటూ పోతాయి. ఒక్కో పంటి వెనక ఒక్కో వెదురు గొట్టం ఉంటుంది. ఆ గొట్టాల పై కొసలన్నీ వచ్చి నా అడుగునున్న కన్నాలలో కూర్చుంటాయి. ఆడమనిషి నా వెంట నడుస్తూ పిడికిట్లోంచి గింజలు వదిలితే అవి నా కన్నాల్లోంచి జారి, గొట్టాల్లోంచి దిగి, సాళ్ళలో పడతాయి. ఎద్దులు మగవాళ్ళవి, గొర్రు మగవాళ్ళది. పైరు పలుచనా, ఒత్తా అని తేల్చేది మాత్రం ఆ పిడికిలి. ఈ సంగతి ఒప్పుకోవడానికి మా ఊరి మగవాళ్ళకు ఎప్పుడూ మనసొప్పలేదు. పంట బాగా వస్తే వానను పొగిడేవాళ్ళు, రాకపోతే ఆడదాని చేతిని తిట్టేవాళ్ళు.

నన్ను చెక్కింది వడ్రంగి మౌనాచారి. పేరులోనే మౌనం, మనిషి మాత్రం బాడిశ కంటే ఎక్కువ మోగేవాడు. తుమ్మ మొద్దును తొలిచి, కమ్మీని ఎర్రగా కాల్చి కన్నాలు పొడుస్తూ, ఊరి సంగతులన్నీ నాకు చెప్పాడు. నా వంటిలోకి చేరిన మొదటి చదువు అదే. మద్దమ్మ అత్త చేతుల్లోంచి మద్దమ్మ చేతుల్లోకి వచ్చాను. అత్త పిడికిలి బిగువు, కోడలి పిడికిలి వదులు. వదులు పిడికిలే మంచిదని నా అడుగు కన్నాలకు తెలుసు. ఊరికి కూడా తెలిసింది. మద్దమ్మ చెయ్యి మంచిదని, తొలి సాలు ఆమె చేత వేయించుకోవడానికి పిలుచుకుపోయేవాళ్ళు.

పిలవలేనివాళ్ళు నన్ను అడుక్కుపోయేవాళ్ళు. ఖాళీ జడ్డిగాన్ని గడప దాటించకూడదని మా వైపు ఒక పద్ధతి. ఇచ్చే ఇల్లాలు తన ఇంటి గింజలు పిడికెడు అందులో పోసి ఇస్తుంది. తీసుకుపోయినవాళ్ళు ఆ పిడికెడును తమ గింజలతో కలిపి తొలి సాలులో వేస్తారు. అట్లా ఒకరి గింజ ఇంకొకరి చేనులోకి, ఇంకొకరి గింజ మరొకరి చేనులోకి తిరుగుతూనే ఉండేది. ఎవరి సజ్జ ఎవరిదో విడదీసి చెప్పగలిగినవాడు ఊళ్ళో లేడు. విడదీయాలని అనుకున్నవాడూ లేడు.

అప్పట్లో ఊరి చుట్టూ చేలు ఒక తీరులో ఉండేవి. ఊరిని ఆనుకొని ఉన్న పాటిచేలలో పెంట బాగా పడేది, అక్కడ మిరప, జొన్న. వాటికి అవతల ఎర్రనేలల్లో సజ్జ, కొర్ర, మధ్యమధ్యలో కంది, అలసంద. ఇంకా అవతల గుట్ట వాలులో గొర్రెలు. ఎవరూ కొలతలు పెట్టి గీతలు గీయలేదు. నెత్తిన పెంటగంప మోసే ఆడదాని మెడ ఎంతదూరం ఓర్చుకుంటే అంతదూరం ఒక పంట, మెడ విరిగే చోటు నుంచి ఇంకో పంట. పెద్ద చదువుల్లో దీనికి ఏ పేరు పెట్టారో నాకు తెలియదు, ఆ మెడల పేర్లు మాత్రం పెట్టి ఉండరు.

తర్వాత రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట లారీ వచ్చింది. అప్పటినుంచి ఏ చేనులో ఏం వేయాలో లారీ చెప్పడం మొదలుపెట్టింది. ఒకప్పుడు వేరుశనగ అన్నది. ఊరంతా వేరుశనగ. తర్వాత పొద్దుతిరుగుడు అన్నది. ఊరంతా పచ్చటి పూలు సూర్యుడి వైపు మెడ తిప్పాయి, ఊరివాళ్ళు మార్కెట్ వైపు తిప్పారు. ఊరు పండించేది ఊరు తినడం మానేసింది, ఊరు తినేది ఊరు పండించడం మానేసింది. ఎక్కడో కాలువల కింద పండిన బియ్యం సంచులకెక్కి రేషను అంగడికి వచ్చాయి. సజ్జ రొట్టె తినడం నామోషీ అయింది. గొర్రు పోయి ట్రాక్టరు వచ్చింది. నన్ను అటక ఎక్కించారు. అక్కడ ఎలుకలు నాలో కాపురం పెట్టాయి. మనుషులకంటే మర్యాదగానే చూసుకున్నాయి.

నాటు సజ్జను ఒక్కో ఇల్లే వదిలేసింది. మద్దమ్మ ఒక్కతే వదలలేదు. మొగుడు పోయాక ఒంటి చేత్తో చేసుకునే సన్నటి చేను ఒకటి ఆమెకు గిడ్డయ్య చేనును ఆనుకొని ఉంది. అందులో ఏటా తన సజ్జ వేసుకునేది. దాని కంకి నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు. పిచ్చుక వాలితే కంట్లో గుచ్చుకుంటాయి. వాన ముఖం చాటేసినా తలవంచుకొని నిలబడే రకం. మంచి కంకులు ఏరి, బూడిద కలిపి కుండకెత్తేది. మా ఊళ్ళో ఆ విత్తనానికి అదొక్కటే కుండ.

అలాంటి రోజుల్లో జయచంద్ర వచ్చాడు. విత్తనాల కంపెనీకీ రైతుకూ మధ్య తిరిగే మనిషి, ఆర్గనైజరు అంటారు. చెడ్డవాడేం కాదు. అందరినీ అన్నా, వదినా అని పిలుస్తాడు, ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డాడు. అతను చెప్పింది ఇదీ. కంపెనీ రెండు సంచులు ఇస్తుంది, ఒకదాంట్లో ఆడ సజ్జ, ఇంకోదాంట్లో మగ సజ్జ. ఇన్ని ఆడసాళ్ళకు ఇన్ని మగసాళ్ళ చొప్పున వేయాలి. ఆడసాళ్ళు కంకి తీస్తాయిగాని వాటికి సొంత పుప్పొడి ఉండదు. మగసాళ్ళ పుప్పొడి వాటిమీద పడితే గింజ కడుతుంది. ఆ గింజను మొత్తం కంపెనీయే తీసుకుపోయి, రంగు పూసి, సంచుల్లో పోసి, ఎక్కడో ఉత్తరాదిన ఎడారి అంచున ఉండే రైతులకు అమ్ముతుంది. వాళ్ళు ఆ పంటలోంచి మళ్ళీ విత్తనం దాచుకుంటే పనికిరాదు, మరుసటేడు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా మొలుస్తుంది. మళ్ళీ సంచి కొనాల్సిందే. మా నేల, మా బోరునీళ్ళు, మా ఆడవాళ్ళ నడుములు. తినేది ఎవరో మాకు తెలియదు, పండించింది ఎవరో వాళ్ళకు తెలియదు.

ఒక్క షరతు ఉంది. ఇంకే సజ్జ పుప్పొడి గాలిలో వచ్చి పడినా కంపెనీ విత్తనం చెడిపోతుంది. కాబట్టి కూతవేటు దూరంలో ఎవరూ వేరే సజ్జ వేయకూడదు. మా ఊళ్ళో చేలకు గట్లు ఉండేవి, గట్ల కోసం తలలు పగిలేవి. గాలికి కూడా గట్టు వేయవచ్చని మాకు నేర్పినవాడు జయచంద్రే.

మద్దమ్మ గొడవ పెట్టుకోలేదు. "అందురూ వేసుకుంటాంటే నేనొక్కదాన్ని అడ్డమెందుకు" అని తన చేనులో కంది వేసుకుంది. కుండలో విత్తనం అట్లాగే ఉండిపోయింది. ఒక ఏడు అనుకున్నది మరో ఏడుకు సాగింది. కుండలో గింజకు కూడా ఒక ఆయుష్షు ఉంటుంది. అది దగ్గర పడుతోందని మద్దమ్మకు తెలుసు. మూత తీసి గింజలు అరచేతిలో వేసుకొని, ముఖం దగ్గర పెట్టుకొని చూసి, మళ్ళీ మూత పెట్టేది.

ఆ ఏడు తొలకరి మంచి పదునుగా పడింది. ఊరంతటికీ ఒకేరోజు ట్రాక్టరు కావాల్సి వచ్చింది. పైగా కంపెనీ ఇచ్చే చిన్న సంచి గింజలు ట్రాక్టరు పెట్టె అడుగైనా కప్పవు. గిడ్డయ్య దగ్గర ముసలి ఎద్దుల జత ఇంకా ఉంది. అతని పెళ్ళాం ఉసేనమ్మ కొంగు నడుముకు చుట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ట్రాక్టరోడు రేపు, ఎల్లుండి అంటాండాడు. అదును పోతాది. నీ గొర్రు, జడ్డిగం ఇయ్యి."

"పళ్ళు అరిగిపోయింటాయి మేయ్, చూసుకో."

"అరిగింది నేనక్కా, గొర్రు కాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మద్దమ్మ నన్ను అటక మీద నుంచి దించి, సాలెగూళ్ళు తుడిచి, కన్నాల్లో పుల్ల పెట్టి తిప్పి, కుండ మూత తీసింది. పిడికెడు సజ్జలు నాలో పోసింది. పోసిన తర్వాత చెయ్యి నా అంచు మీదే ఆగిపోయింది.

"ఉసేనీ, ఇవి నాటుయి. మీది కంపెనీ చేను. ఖాళీది ఇయ్యకూడదని పోసినా, అంతే. ఇంటికి పోతానే కోళ్ళకెయ్యి."

"కోళ్ళకా? తొలి సాలుకు నీ చేతి గింజ పడకుండా ఇత్తమంటావా? పోయినేడు మొలకే సరిగా రాల్యా. అంతకు ముందేడు వచ్చిన కంకి వచ్చినట్టే ఎండిపాయ. ఈ తడవన్నా నిలబడనీ."

"జయచంద్ర చూస్తే ఊరుకోడు."

"ఆయప్ప సంచులు చూస్తాడక్కా, సాళ్ళు చూడ్డు. గుప్పెడు గింజలకు ఏమైతాదిలే."

ఉసేనమ్మ నన్ను చంకనెత్తుకొని పోయింది. చేనులో గిడ్డయ్య ఎద్దుల తోకలు పట్టుకొని ముందు చూస్తున్నాడు. ఉసేనమ్మ కళ్ళు మూసుకొని ఏదో అనుకొని, మద్దమ్మ పిడికెడును కంపెనీ ఆడగింజలతో కలిపి తొలి సాళ్ళలో వదిలింది. గొర్రు వెనకే నడిచే ఆడమనిషి చేతిలో ఏముందో ముందుండే మగవాడికి కనబడదు. మొదటినుంచీ అంతే.

పని అయ్యాక నన్ను తిరిగి ఇవ్వలేదు, చేను గట్టునున్న మోటారు కొట్టంలో వదిలేశారు. అందుకే మిగతాదంతా నా కళ్ళముందే జరిగింది. మొలకలప్పుడు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మోకాలెత్తుకు వచ్చాక తొలి సాళ్ళలో కొన్ని పక్కవాటిని దాటి పైకి లేచాయి. ఉసేనమ్మ వాటిని చూసి మురిసిపోయింది. కంపెనీ మొక్కల్లో అక్కడక్కడ వెర్రి తెగులు తగిలి కంకికి బదులు ఆకుల కుచ్చులు వచ్చాయి. పొడుగువి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. తర్వాత అవి కంకి తీశాయి. కంకి నిండా వెంట్రుకలు. అప్పుడు ఉసేనమ్మకు అర్థమైంది. గబగబా సాలులో దిగి రెండు చేతులా పీకడం మొదలుపెట్టింది. అప్పటికే పుప్పొడి ఆమె జుట్టు మీద పసుపులా రాలుతోంది. గట్టు మీద జయచంద్ర బండి ఆగింది.

అతను కేకలు వేయలేదు. ఫోను తీసి ఆ మొక్కలను ఫొటోలు తీసుకున్నాడు. "అన్నా, బెరకు వచ్చింది, వేరే రకం కలిసింది. ఈ చేను ఫెయిలు" అని గిడ్డయ్యతో చెప్పాడు. ఫెయిలైన చేను గింజను కంపెనీ తీసుకోదు. అది కోళ్ళ మేత కొనేవాళ్ళకు పోతుంది. అన్నాళ్ళూ బిడ్డలా సాకిన పైరు ఆ ఒక్కమాటతో మేత అయిపోయింది.

నాటు సజ్జ ఎవరింట్లో ఉందో ఊరికి తెలుసు. జడ్డిగం ఎవరిదో కూడా తెలుసు. ఇక బాలవీరమ్మకు కుళాయి దగ్గర పని దొరికింది.

పాల కేంద్రం వసారాలో పంచాయితీ పెట్టారు. గిడ్డయ్య నన్ను తెచ్చి అందరి మధ్యలో పడేశాడు. "ఈ కొయ్యముండే నా కొంప ముంచింది" అన్నాడు. పుట్టిన నాటి నుంచి ఎవరూ నన్ను అంత మాట అనలేదు. అయినా నాకు కోపం రాలేదు. పంట పోయినవాడి మాట అది.

జయచంద్ర అడిగాడు. "వదినా, దీంట్లో గింజలు పోసిచ్చింది నిజమేనా?"

"పోసినా సారూ. ఖాళీది ఇయ్యం మేము."

"అది కంపెనీ చేనని తెలుసు గదా."

"తెలుసు."

"మరి తెలిసి తెలిసి ఎట్ల పోస్తివి? కోళ్ళకెయ్యమని ఒక మాటన్నా చెప్పొద్దా?"

మద్దమ్మ తల ఎత్తింది. ఎదురుగా ఆడవాళ్ళ గుంపులో ఉసేనమ్మ ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకొని నేల చూస్తోంది. మద్దమ్మ ఆమె వైపు చూసింది, గిడ్డయ్య చేతుల వైపు చూసింది. ఆ చేతులు పెళ్ళాం మీద ఎట్లా లేస్తాయో మా వీధికంతా తెలుసు. ఒక్క మాట అంటే మద్దమ్మ బయటపడేది. ఆ మాట అనగలిగిన నోళ్ళు అక్కడ రెండే ఉన్నాయి, మూడోదాన్ని నేను. నన్ను ఎవరూ అడగలేదు.

"మరిచిపోయింటి" అంది మద్దమ్మ.

వసారా అంతా గుసగుసలు. జయచంద్ర చెయ్యెత్తి ఆపాడు. "నాకు నీమీద కోపం ల్యా వదినా. నేను రేపు పైవాళ్ళకు చెప్పుకోవాల. ఆ ఇత్తనం ఊళ్ళో ఉన్నంతకాలం కంపెనీ మిమ్మల్ని నమ్మదు. ఆ కుండ ఖాళీ కావాల. ల్యాకుంటే వంకకు ఈ పక్క ఒక్క చేను గూడా తీసుకోరు."

అప్పటిదాకా ఉన్నచోటే నిలబడిన మద్దమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "గుట్టకు ఆ పక్కన ఒక్క మూరెడు చోటు చూసుకుంటా సారూ. ఈ యేడు మొలకెత్తించుకోకపోతే అది చచ్చిపోతాది. మా అత్త చేతిదది. ఇంగ ఎవురింట్లోనూ ల్యా."

"గుట్టకు ఆ పక్కన గూడా గాలుంటాది పెద్దమ్మా" అన్నారెవరో. కొందరు నవ్వారు.

"నీ సజ్జల కోసరం ఊరంతా పస్తుండల్నా వదినా?" అన్నాడు గిడ్డయ్య.

"ఊరు తినేది రేషను బియ్యం గదా గిడ్డయ్యా."

"నోటికేం తక్కువ ల్యా."

ఏం చేయాలో పెద్దమనుషులు తర్జనభర్జన పడ్డారు. పారబోస్తే ఎక్కడో ఒకచోట మొలుస్తాయి. కాలిస్తే పాపం, తిండిగింజ. చివరికి మిల్లులో పిండి పట్టించాలని తేల్చారు. తమ తెలివికి తామే తృప్తిపడ్డారు. ఇంత మంది కూర్చొని ఒక గింజను ఎట్లా చంపాలో పాపం అంటకుండా ఆలోచించడం నేను మనుషుల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఎలుకలు గింజను తింటాయి, కాని పంచాయితీ పెట్టవు.

మద్దమ్మ నన్ను నేలమీద నుంచి తీసి, దుమ్ము దులిపి, ఇంటికి తెచ్చి గోడ మీద పెట్టింది. కుండ నెత్తికెత్తుకొని మిల్లుకు పోయింది. వెనక జయచంద్ర బండి మెల్లగా, నడకంత వేగంతో పోయింది. ఆ తర్వాత ఏమైందో నేను చూడలేదు. మిల్లు చప్పుడు మాత్రం గోడ దాకా వినిపించింది. చాలాసేపు మోగలేదు. కుండ చిన్నది.

మర్నాడు ఉసేనమ్మ వచ్చి గడపలో కూలబడింది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పింటే నీ ఈపు పగులుండె. నాదేముంది, కుండ ఖాళీ అయ్యింది, అంతే."

అంతే అని నోటితో అంది. ఆ కుండను మాత్రం ఆమె మళ్ళీ దేనికీ వాడలేదు, బోర్లించి మూలన పెట్టింది. నా అడుగున కన్నాలుండటం వల్ల నీళ్ళు నిలవవని, నాలో మట్టి పోసి పుదీన నాటింది. అది బాగానే పట్టుకుంది. పుదీనకు ఆడసాలు, మగసాలు అక్కర్లేదు.

ఊరు తన మాట నిలబెట్టుకుంది. కంపెనీ నిలబెట్టుకోలేదు. ఏటా అదే చేలల్లో అదే పంట వేయడంతో వెర్రి తెగులు నేలలో కాపురం పెట్టింది. మందులు కొట్టారు, మందు మార్చి కొట్టారు. తర్వాత కంపెనీ ఏటి అవతల ఇంకో జిల్లాకు వెళ్ళిపోయింది. అక్కడి నేల ఇంకా కొత్తది. గిడ్డయ్య ఎద్దులను అమ్మేసి పట్నంలో కట్టడం పనికి పోయాడు. ఉసేనమ్మ వెంటపోయింది. మద్దమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, చేనును కౌలుకిచ్చి, గోడ నీడలో కూర్చొని పుదీన గిల్లుకుంటోంది.

పోయిన శీతాకాలంలో ఒక పగటిపూట జీపు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అందులోంచి కళ్ళద్దాల ఆవిడ దిగింది. డాక్టరట, మనుషుల డాక్టరు కాదు, మొక్కల డాక్టరు. పేరు నీరజ. దారి చూపడానికి జయచంద్ర వెంట వచ్చాడు. జుట్టు నెరిసింది, ఇప్పుడు కూడా వదినా అనే పిలిచాడు. మద్దమ్మ మంచం వాల్చి కూర్చోమంది.

నీరజ మేడమ్ నెమ్మదైన మనిషి. ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. జయచంద్ర ఆనాడు గిడ్డయ్య చేనులో తీసిందే. చుట్టూ వెర్రి తెగులు పట్టిన మొక్కలు, వాటి మధ్య వెంట్రుకల కంకులతో కొన్ని నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆమె ఆ ఫొటోను వేలితో పెద్దది చేసి, మద్దమ్మకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. ఈ తెగులు ఇప్పుడు ఎడారి దాకా పాకిందట. కంపెనీల సజ్జలన్నీ దానికి లొంగిపోతున్నాయట. ఈ మొక్కలకు మాత్రం తెగులు అంటలేదట. వీటిలోని శక్తిని కొత్త రకాల్లోకి ఎక్కించగలిగితే ఎంతోమంది రైతులు బాగుపడతారట. చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలించినా ఈ విత్తనం ఎక్కడా దొరకలేదట.

"అమ్మా, ఇది మీ ఇంటి విత్తనమే అని ఈయన చెప్పాడు. ఎక్కడైనా కొంచెం మిగిలి ఉంటుందేమో చూడండి. ఎక్కువ అక్కర్లేదు, కొన్ని గింజలున్నా చాలు. ఏమైంది ఆ విత్తనం?"

జయచంద్ర చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మద్దమ్మ గిల్లిన పుదీన ఆకులను ఒడిలోనే ఉంచుకొని, ఫొటో వంక ఇంకాసేపు చూసి, ఫోను ఆమెకు తిరిగి ఇచ్చింది.

"రొట్టెలు చేసుకొని తిన్నాము మేడమ్. నీ పక్కన కూచున్నాడే, ఈ సారు గూడా రెండు తిన్నాడు. బాగుండాయని ఇంకోటి అడిగి పెట్టించుకున్నాడు."